ఇరానీ హోటలులో ఒక కప్పు తేనీరు

మన కళాశాలలో ఉర్దూవారమూ తెలుగువారమూ ఒకే పానీయాన్ని రెండు పేర్లతో పిలుచుకుంటున్నాము. ఒకరికది చాయ్, మరొకరికి తేనీరు. చిత్రమేమంటే ఈ రెండు పేర్లకూ పుట్టినిల్లు చైనా దేశమే. అక్కడ ఒకే అక్షరాన్ని కాంటన్ వారు ‘ఛా’ అనీ, ఫూకియన్ తీరవాసులు ‘తె’ అనీ పలుకుతారు. మొదటి పలుకు భూమార్గాన పారశీక దేశం చేరి, ‘చాయ్’గా మారి ఉర్దూలో స్థిరపడింది. రెండవది డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపా భాషలలో ప్రవేశించి, తుదకు మన ‘తేయాకు’లో వచ్చి చేరింది. తేనీటిలో తేనె ఉన్నదనుకొనేవారు కూడా లేకపోలేదు! తెలంగాణలో తెలుగు మాట్లాడేవారు సైతం చాయ్ అనే అంటారు గనుక, ఈ విషయంలో హైదరాబాదు ఏనాడో రాజీకి వచ్చింది.

ఆ రాజీ కుదిరిన చోటు ఇరానీ హోటలు. ఈ నగరంలో హోటలు అంటే బస చేసే చోటు కానక్కరలేదు. నాలుగు బల్లలు, కొన్ని కుర్చీలు, గల్లాపెట్టె వద్ద ఒక యజమాని ఉంటే చాలు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ఇరాన్‌లోని యజ్ద్ మొదలైన ప్రాంతాలవారు బ్రతుకుతెరువు వెదకుకొంటూ బొంబాయి చేరారు. వారిలో జరతుష్ట్ర మతస్థులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. అక్కడినుండి కొందరు పూనాకు, కొందరు నిజాము రాజధానికి తరలివచ్చారు. అయితే వారి స్వదేశంలో తేనీటిలో పాలు కలిపే అలవాటు లేదు. చక్కెర గడ్డను పంటికింద ఉంచుకొని ఎర్రని కషాయాన్ని సేవించడం అక్కడి పద్ధతి. కనుక మనం ఇరానీ చాయ్ అని మురిసిపోయే పానీయం ఇరాన్‌లో దొరకదు. పాలు ఇక్కడివి, చక్కెర ఇక్కడిది. ఆకు సంగతి చెప్పాలంటే, అస్సాం తేయాకు 1839లోనే లండన్ వేలంపాటకు చేరింది. ఇరానీ అన్న మాట కాచేవారిది మాత్రమే.

కాచే విధానంలోనే దీని విశిష్టత అంతా ఉన్నది. ఇంట్లో మనం నీళ్ళు, పాలు, ఆకు, చక్కెర ఒకే గిన్నెలో పోసి మరిగిస్తాము. ఇరానీ హోటలులో అలా కాదు. పెద్ద పాత్రలో నీటితో పొడి వేసి, మూత బిగించి, సన్నని సెగపై చాలాసేపు ‘దమ్’ పెడతారు. బిరియానీకి దమ్ ఎట్టిదో దీనికీ అట్టిదే. ఆవిరితోపాటు ఎగిరిపోవలసిన పరిమళం లోపలనే నిలుస్తుంది. పాలు వేరే పొయ్యిమీద, నీటిపాలు తగ్గి చిక్కబడి లేత గోధుమరంగు తిరిగేదాకా మరుగుతూ ఉంటాయి. అడిగినప్పుడే కప్పులో డికాక్షను, దానిపై పాలు పడతాయి. అంతసేపు ఉడికిన ఆకులోని వగరు నాలుకను పట్టివేయాలి కదా అనే సందేహం కలుగవచ్చు. పాలలోని మాంసకృత్తులు ఆ వగరును తమతో బంధించి మెత్తబరుస్తాయి. పాలు పలుచనైతే ఈ పని సరిగా జరగదు. ఇరానీవారు పాలవద్ద పిసినారితనం చూపకపోవడానికి రసాయనశాస్త్రపు సమర్థన కూడా ఉన్నదన్నమాట.

తోడుగా వచ్చే ఉస్మానియా బిస్కట్టు తీపి, ఉప్పు రెండూ కలిసినది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరును తలపించే ఆ బిస్కట్టుకు నామకరణం ఎలా జరిగిందో చెప్పే కథలు నగరంలో ఎన్ని హోటళ్ళున్నవో అన్ని ఉన్నాయి. దానిని చాయ్‌లో ముంచి, విరిగి అడుగంటకముందే నోట వేసుకోవడం అభ్యాసంతో గాని అలవడదు.

నా మట్టుకు నాకు ఇరానీ హోటలు ఇచ్చిన గొప్ప వస్తువు చాయ్ కాదు, కూర్చునే అనుమతి. ఒక కప్పును ‘వన్ బై టూ’ చేయించుకొని ఇద్దరు విద్యార్థులు గంటసేపు వాదించుకొన్నా లేవమనేవారు లేరు. అదే బల్లవద్ద రిక్షా కార్మికుడూ, వకీలూ, పరిచయం లేకుండానే ఎదురెదురుగా కూర్చునేవారు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు కవులకు, పత్రికా రచయితలకు సభాస్థలి వంటిది. మఖ్దూం మొహియుద్దీన్ అక్కడికి వచ్చేవారు. ఆ హోటలు నేడు లేదు.

అది ఒక్కటే కాదు, గత కొన్ని దశాబ్దాలలో ఎన్నో ఇరానీ హోటళ్ళు మూతపడ్డాయి. కారణం గ్రహించడం కష్టం కాదు. గంటకు ఒక్క కప్పు అమ్ముడయ్యే బల్ల, నాలుగు రోడ్ల కూడలిలోని స్థలానికి పెరిగిన అద్దెను చెల్లించలేదు. మనకు హాయినిచ్చిన ఔదార్యమే యజమానికి నష్టమైనది. కొందరు బిరియానీని నమ్ముకొని నిలిచారు; సికింద్రాబాదులో 1953లో చిన్న చాయ్ దుకాణంగా మొదలైన పారడైజ్ నేడు బిరియానీకి పేరుపొందినది. మరికొన్నిచోట్ల బల్లలు పోయి నిలుచుని త్రాగే పద్ధతి వచ్చింది. చార్మినారు ప్రక్కనున్న నిమ్రాలో రుచికి ఏమాత్రం లోటు లేదు. అయినా కప్పు చేతబట్టుకొని వీధిలో నిలిచినవారు సాసరులో పోసుకొని ఊదుకొంటూ త్రాగే పాత పద్ధతిని పాటించలేరు. దానికి ఒక బల్ల కావాలి.

తరగతులు ముగిసిన తరువాత మేము వెళ్ళే హోటలులో పాలరాతి బల్లలు ఇంకా నాలుగు ఉన్నాయి. గోడపై రాజకీయాలు మాట్లాడరాదన్న బోర్డు కూడా ఉన్నది. దానిక్రిందనే ఎక్కువగా మాట్లాడతారు. ఆ బల్లలలో ఒకటి తెలుగు విభాగం వారిదనీ, మరొకటి ఉర్దూ విభాగం వారిదనీ అనుకొనేవారట. ఇప్పుడు ఖాళీ ఉన్నచోట కూర్చుంటున్నాము.