రంగుల పెట్టెతో చెరువు గట్టు దాకా

గునుగు పువ్వుకు రంగు అద్దడం మనకు ఎవరు నేర్పారు చెప్పండి? తెల్లటి గునుగును కట్టలు కట్టి, గిన్నెల్లో ఆకుపచ్చ, గులాబీ, ఊదా కలిపి, ముంచి ఆరబెడతాం. తంగేడు పసుపు పక్కన ఏ రంగు వరుస వస్తే బతుకమ్మ నిండుగా కనిపిస్తుందో ఒకటికి రెండుసార్లు చూసుకుని పేరుస్తాం. జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా ఈ పని రాని ఆడమనిషి అరుదు. అలాంటి మనమే "బొమ్మలేయడమా? నాకేడ వస్తది!" అని తప్పుకుంటాం. ముగ్గు వేసే చేతికి గీత వచ్చు. బతుకమ్మ పేర్చే కంటికి రంగు తెలుసు. ఇక కావలసిందల్లా కాస్త కాగితం, నాలుగు రంగులు, ఆరుబయట ఒక గంట.

ఆ గంటే దొరకదంటారా? నిజమే. మన వైపు చాలా ఇళ్లలో మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. పిల్లల చదువు, పొలం కౌలు, అత్తమామల మందులు అన్నీ ఆడవాళ్ల మీదే. ఒళ్లో బీడీల చాట దిగదు. సిరిసిల్లలో అయితే మరమగ్గాల చప్పుడు ఆగితే ఇంట్లో దిగులు మొదలవుతుంది. ఇన్నిటి మధ్య రంగులెందుకని మీకు అనిపించవచ్చు. ఇన్ని ఉన్నాయి కాబట్టే అంటాను నేను. వారంలో ఒక్క గంట మనసు ఒకేచోట నిలబడితే మిగతా వారం లాగడం తేలికవుతుంది.

ఇది నా ఒక్కదాని మాట కాదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్శిటీ వాళ్లు 39 మంది పెద్దవాళ్లను కూర్చోబెట్టి, 45 నిమిషాలు మట్టితో, స్కెచ్ పెన్నులతో, కాగితం ముక్కలతో నచ్చింది చేసుకోమన్నారు. తర్వాత చూస్తే 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోను తగ్గింది. బొమ్మలు బాగా వచ్చినవాళ్లా, రానివాళ్లా అన్న తేడా పెద్దగా లేదట. అంటే ఫలం బొమ్మ బాగుండటంలో లేదు, వేయడంలోనే ఉందన్నమాట.

మన పెద్దలూ వేశారు

ఆరుబయట కూర్చుని వేయడం మనకు కొత్తదేం కాదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారు (1897-1925) నీటిరంగుల్లో ఎంత పేరు తెచ్చుకున్నారో తెలిసిందే. నిండా ముప్పై ఏళ్లు కూడా బతకలేదు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. వందేళ్ల కిందట ఇంటి ఆడవాళ్లు కుంచె పట్టారంటే మనకు ధైర్యం రావాలి. గుంటూరు జిల్లా తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్ గారు (1914-1999) హిమాలయాలు తిరిగి వచ్చి సొంత ఊళ్లోనే స్థిరపడ్డారు. రాతలతో పాటు ప్రకృతి దృశ్యాలకు పేస్టల్స్ కూడా వాడారు. మన వైపు చూస్తే పాత కరీంనగర్ జిల్లాలో పి.టి. రెడ్డి గారు, బూరుగుపల్లిలో తోట వైకుంఠం గారు పుట్టారు. సిద్దిపేటలో కాపు రాజయ్య గారు (1925-2012) బోనాలు, బతుకమ్మలు, పల్లె పనులు బొమ్మలకు ఎక్కించారు. వైకుంఠం గారి బొమ్మల్లో పెద్ద బొట్టుతో, మెరిసే చీరతో కనిపించే ఆడవాళ్లు మన అమ్మమ్మలే కదా!

ఏమేం కావాలి?

ఖర్చుకు భయపడకండి. పిల్లలు వాడే కేకు రంగుల డబ్బా చాలు. గుండ్రటి కుంచెలు రెండు, ఒకటి సన్నది, ఒకటి లావుది. కాగితం దగ్గర మాత్రం పొదుపు చేయకండి. పలుచటి కాగితం తడికి ఉబ్బి వంకర్లు పోతుంది. షాపులో 300 జి.ఎస్.ఎం. కాగితం అని అడిగి, ఒక పెద్ద షీటును నాలుగు ముక్కలు చేసుకోండి. ఆయిల్ పేస్టల్స్ పెట్టె ఒకటి. మిగతావన్నీ ఇంట్లోనే ఉన్నాయి. పిల్లల పరీక్ష అట్ట, బట్టల క్లిప్పులు, రంగులు కలపడానికి పాత పింగాణీ ప్లేటు, నీళ్లకు రెండు సీసాలు (ఒకటి కుంచె కడగను, ఒకటి మంచినీళ్లు), తుడవను పాత నూలు గుడ్డ.

సుద్దలాగా పొడి రాలే పేస్టల్స్ కూడా దొరుకుతాయి. వాటికి గరుకు కాగితం కావాలి. రాలిన పొడిని నోటితో ఊదకండి, అట్టను ఒంచి దులపండి. వంటింట్లోకి వెళ్లేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బొమ్మ మీద బటర్ పేపర్ కప్పి దాచుకోండి.

ముందు చూపు, తర్వాత కుంచె

వెళ్లగానే రంగు ముట్టుకోవద్దు. మొదటి పది నిమిషాలు ఊరికే కూర్చోండి. ఎండ ఏ పక్క నుంచి వస్తోంది? నీడ ఎటు పడింది? చింతచెట్టు పచ్చ, వరినారు పచ్చ ఒకటేనా? గాలి ఎటు తోలుతోంది? పొయ్యి మీద పాలు, కరెంటు బిల్లు గుర్తొస్తాయి, రానివ్వండి. కసురుకోకుండా మళ్లీ చెట్టు వైపు చూడండి. ఫోన్‌లో ఫోటో తీసుకుంటే సరిపోదా అంటారు. ఫోటో క్షణంలో అయిపోతుంది, మనం చూసిందేమీ ఉండదు. బొమ్మ వేయాలంటే కొమ్మ ఎక్కడ చీలిందో కన్ను వెతుక్కోవాల్సిందే.

తర్వాత పెన్సిలుతో నాలుగే గీతలు. నేల ఎక్కడిదాకా, నీళ్లెక్కడ, గుట్ట ఎక్కడ, చెట్టు ఎక్కడ. నీటిరంగుల్లో లేత రంగు ముందు, ముదురు తర్వాత. తెలుపు రంగు వేయం, కాగితాన్నే వదిలేస్తాం. కొన్ని కలుపుళ్లు చెప్తాను:

* వరినారు పచ్చ: నిమ్మపండు పసుపులో చిటికెడు నీలం. డబ్బాలోని ఆకుపచ్చ ఒక్కటే వేస్తే ప్లాస్టిక్ లాగా ఉంటుంది.
* మామిడి చిగురు: ఎరుపు, గోధుమరంగు కలిపి నీళ్లు ఎక్కువ పోయాలి.
* మానేరు ఇసుక: పసుపు మట్టిరంగు, దాంట్లో కొద్దిగా గోధుమరంగు.
* చెరువు నీళ్లు: ఆకాశానికి ఏ రంగు వేస్తే అదే, ఒక పిసరు ముదురుగా.
* నీడ: నలుపు వద్దు. నీలం, గోధుమరంగు కలపండి.

పొలంలో కొంగ ఉందనుకోండి. ముందు తెల్ల ఆయిల్ పేస్టల్‌తో కొంగను గట్టిగా రుద్ది, పైనుంచి పచ్చరంగు నీళ్లు తోలండి. నూనె మీద నీళ్లు నిలవవు, కొంగ తెల్లగా మిగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు పిల్లలకే కాదు, మనకూ సంబరమే.

మన ఎండల సంగతి తెలుసు కదా. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటక ముందే ముగించుకోండి. రంగు తోలేలోపే కాగితం ఆరిపోతుంటే ముందుగా తడిగుడ్డతో కాగితమంతా అద్దండి. ఆయిల్ పేస్టల్స్ ఎండకు మెత్తబడతాయి, నీడలో పెట్టండి.

ఎక్కడ కూర్చోవాలి?

జగిత్యాల వాళ్లకు ఖిల్లా ఉంది. 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల ప్లానుతో నక్షత్రం ఆకారంలో కట్టిన కోట అది. కందకం, దాని నీళ్లలో గోడ నీడ, రాళ్ల సందుల్లో మొలిచిన గడ్డి, ఒక్కదానికే నాలుగు ఆదివారాలు సరిపోతాయి. ధర్మపురి పోతే గోదావరి, కొండగట్టు పోతే బండరాళ్లు. కోరుట్ల వాళ్లకు కాకతీయ కాలువ, పసుపు చేలు, మామిడి తోటలు. ఫిబ్రవరి, మార్చిలో మోదుగులు విరగబూస్తాయి, ఆ ఎరుపును పేస్టల్‌తోనే పట్టుకోవాలి. సిరిసిల్ల వాళ్లకు మానేరు, పొద్దుగూకే వేళ మధ్య మానేరు నీళ్లు.

ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. కాలువ మెట్ల మీద, నీళ్ల అంచున కూర్చోకండి. మనుషులు కనపడే చోటే నయం. "ఏం గీస్తున్నవక్కా?" అని నలుగురు చేరతారు. సిగ్గుపడకండి. "రా చెల్లె, నువ్వో చెట్టు వెయ్" అని కుంచె చేతికిస్తే సరి, నవ్వేవాళ్లు కూడా కూర్చుంటారు.

ఇవాళ ఉన్నది రేపు ఉండకపోవచ్చు

మధ్య మానేరు కింద నీలోజిపల్లి, కొదురుపాక, అనుపురం, చింతల్‌ఠాణా వంటి ఊళ్లు మునిగాయి. పొలాలకు, తాగడానికి నీళ్లు వచ్చాయి, ఊళ్లు వేరేచోట కాలనీలుగా లేచాయి. మా వదినె పుట్టిల్లు అలా మునిగిన ఊరిలోనిదే. ఆమె దగ్గర పెళ్లి ఫోటోలున్నాయి, అందులో మనుషులే ఉన్నారు, ఊరు లేదు. పోచమ్మ గుడి ముందు వేపచెట్టు కుడివైపా ఎడమవైపా అని అక్కాచెల్లెళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. పోయినేడు నేను కాగితం ముందు పెట్టి "నీకు గుర్తున్నట్టే వెయ్ వదినె" అన్నాను. బావి వేసింది, దర్వాజ వేసింది, చెట్టు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కొంచెంసేపుండి, "రోజూ దాని కిందికెల్లే పోయిన, ఒక్కనాడన్న సక్కగ సూడలే" అంది. ఆ చెట్టు చోటు కాగితం మీద ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

అందుకే చెప్తున్నాను. కాశ్మీరు, ఊటీ క్యాలెండరు చూసి వేయడం తర్వాత. ముందు మీ వాకిట్లో చెట్టు, అమ్మగారింటి పెంకుల కప్పు, ఊరి చెరువు, రోడ్డు వెడల్పు చేస్తే పోయే మర్రి, ఇవి వేయండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు. బొమ్మ వెనక తారీఖు, చోటు, ఆ పొద్దు మీతో ఎవరున్నారో రాసి పెట్టండి. అప్పులవాళ్ల లెక్కల పుస్తకం ఎంత భద్రంగా దాస్తామో అంత భద్రంగా దాయండి.

వచ్చే ఆదివారం వంట ఒక గంట ముందో వెనకో జరుపుకోండి. ఇంట్లో ఎవరైనా "ఎటు పోతున్నవ్?" అంటే "చెరువు చూసొస్తా" అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు.