రియల్‌టైమ్ స్ట్రాటజీ ఆటలు: కాలక్షేపం నుంచి నైపుణ్యానికి

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఆర్థిక పునాదికీ, యుద్ధంలో గెలుపునకూ గల సంబంధాన్ని వివరించగలుగుతారు;
• మీ ఆటలోని లోపానికి కారణాన్ని గుర్తించగలుగుతారు;
• సొంతంగా ఒక అభ్యాస ప్రణాళిక వేసుకోగలుగుతారు.

1. పరిచయం

చదరంగంలో మీరు ఎత్తు వేసేదాకా ఎదుటివారు ఆగుతారు. రియల్‌టైమ్ స్ట్రాటజీ ఆటల్లో ఎవరూ ఆగరు. మీరు ఆలోచిస్తున్నంతసేపూ ప్రత్యర్థి కలప కొట్టిస్తూనే ఉంటాడు. కాబట్టి ఈ ఆటల్లో కలప, బంగారాల కన్నా ముందు కరువయ్యేది ఆటగాడి ధ్యాస. ఏళ్ల తరబడి ఆడినా చాలామంది ఒకే స్థాయిలో ఉండిపోవడానికి కారణం ఇక్కడే ఉంది. 1999లో వెలువడిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఉదాహరణగా దీనిని పరిశీలిద్దాం.

2. ఓటమి ఎక్కడ మొదలవుతుంది?

సాధారణంగా ఈ ఆట ఒక టౌన్ సెంటర్, 3 విలేజర్లు, 1 స్కౌట్, 200 ఆహారంతో మొదలవుతుంది. (చైనా, మాయా వంటి కొన్ని నాగరికతలకు ఆరంభం వేరు.) ఒక విలేజర్ తయారీకి 50 ఆహారం, ఆటలోని గడియారం ప్రకారం 25 సెకన్లు పడుతుంది. టౌన్ సెంటర్ ఖాళీ లేకుండా విలేజర్లనే తయారుచేస్తే 5 నిమిషాల్లో 12 మంది వస్తారు. మొత్తం 15 మంది.

మీకు 11 మందే ఉన్నారనుకోండి. టౌన్ సెంటర్ 100 సెకన్లు ఊరకే ఉందన్నమాట. గొర్రెల దగ్గర ఒక విలేజర్ నిమిషానికి సుమారు 20 ఆహారం తెస్తాడు. నలుగురు తక్కువైతే నిమిషానికి 80 తగ్గుతుంది. అది ఒక స్కౌట్ అశ్వికుడి ఖరీదు. పదిహేనో నిమిషంలో ఎదుటి సైన్యం పెద్దదిగా కనిపించినప్పుడు మనం యుద్ధ తంత్రాన్ని తప్పుపడతాం. లోటు మాత్రం మొదటి 5 నిమిషాల్లోనే పడింది.

3. కారణాలు, పరిష్కారాలు

ఆట ముగిశాక దాని రికార్డింగు చూడండి. టౌన్ సెంటర్ ఆగిన ప్రతిచోటా కారణం రాసుకోండి. అవి ప్రధానంగా మూడు:

(అ) ఆహారం లేదు: గొర్రెలను వెతకడం ఆలస్యమైంది. స్కౌట్‌ను మొదట టౌన్ సెంటర్ చుట్టూ తిప్పండి.

(ఆ) ఇల్లు లేదు: ఒక ఇంటితో 5 మందికే చోటు. చోటు నిండకముందే తరువాతి ఇల్లు మొదలుపెట్టండి.

(ఇ) మరిచిపోయారు: పోరు చూస్తూ ఉండిపోయారు. పోరుకు వెళ్లేముందు ఇద్దరు విలేజర్లను వరుసలో పెట్టండి. ఒకేసారి ఐదుగురిని పెట్టకండి. 250 ఆహారం ముందే ఖర్చవుతుంది, తయారయ్యేది మాత్రం ఒక్కొక్కరే.

4. అభ్యాస ప్రణాళిక

ఒక్కో వారం ఒక్క అంశమే తీసుకోండి. మొదటి వారం కంప్యూటర్‌తో ఆడుతూ విలేజర్ల సంఖ్య మాత్రమే చూసుకోండి, గెలుపోటములు పట్టించుకోవద్దు. రెండో వారం ఇళ్లు, మూడో వారం స్కౌట్. ఇవి చేతి అలవాటుగా మారాక మిగిలిన ధ్యాసను పోరుకు ఇవ్వండి. ఈటెవాళ్లు గుర్రాలను, గుర్రాలు విలుకాండ్రను, విలుకాండ్రు ఈటెవాళ్లను దెబ్బతీస్తారన్న సూత్రం అప్పుడు అక్కరకు వస్తుంది.

5. సారాంశం

ఆడిన గంటలు వాటంతటవే నైపుణ్యంగా మారవు. ఏ లోపం సరిదిద్దుకోవాలో తెలిసి ఆడిన గంటలే మారతాయి. పక్కన గురువు లేని విద్యార్థికి రికార్డింగే గురువు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

5 నిమిషాలకు మీ వద్ద 13 మంది విలేజర్లు ఉన్నారు. టౌన్ సెంటర్ ఎన్ని సెకన్లు ఖాళీగా ఉంది?
(జవాబు: 50 సెకన్లు)