అతుకుల బొంత: పాత బట్టలతో కుట్టడం ఎలా, ఆ కూలిని లెక్కించడం ఎలా

తెలుగు పత్రికల్లో ‘అతుకుల బొంత’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత. సినిమా కథ కుదరకపోతే అతుకుల బొంత. పొందిక లేని ప్రతిదానికీ అదే పేరు. ఆ మాట రాసేవాళ్ళు ఎన్నడూ బొంత కుట్టి ఉండరని మా అనుమానం. పొందిక లేకుండా కుట్టిన బొంత రెండో ఉతుకుకే విడిపోతుందని కుట్టినవాళ్ళకు తెలుసు.

మేము పరిశోధక విద్యార్థులం. మాలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్ళం. యూనివర్సిటీ హాస్టల్లో మొదటి చలికాలం, మాలో ఒకరు ఇంటి నుంచి తెచ్చుకున్న బొంతను పెట్టె అడుగున దాచి, పల్చటి దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకున్నారు. పక్క మంచం వాళ్ళు చూస్తే ఏమంటారోనని భయం. చాన్నాళ్ళకు ఆ సంగతి బయటపడినప్పుడు ముందు నవ్వాం. తర్వాత ఎవరమూ మాట్లాడలేదు. మిగతావాళ్ళం అమ్మ ఇస్తానన్నా బొంత వద్దని ఇంట్లోనే వదిలేసి వచ్చినవాళ్ళమే.

ఆ తర్వాతి సెలవుల్లో అమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర కూర్చుని కుట్టు నేర్చుకున్నాం. తిరిగొచ్చాక ఆరుగురం కలిసి హాస్టల్ వరండాలో ఒక బొంత కుట్టాం. ఆ ఆరుగురిలో ముగ్గురు మగవాళ్ళు. వాళ్ళు గుండీ కుట్టుకోవడానికి కూడా అప్పటిదాకా సూది పట్టలేదు. మేము నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాం. మొదటిసారి సూది పట్టేవాళ్ళకు ఇది పనికిరావాలని మా కోరిక.

బట్ట వెనక ఉన్న చరిత్ర

చండాలురు శవాల మీది బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం 52వ శ్లోకం శాసించింది. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబరు 25న మహద్‌లో తగలబెట్టారు. ఆ సత్యాగ్రహం రోజుల్లోనే అంబేద్కర్ అక్కడి దళిత స్త్రీలతో మాట్లాడుతూ, చీర కట్టే తీరు మార్చుకోమని, అంటరానితనానికి గుర్తుగా ఉన్న మోటు నగలు తీసెయ్యమని చెప్పారు. ఏ బట్ట కట్టాలి, ఎంత కిందికి కట్టాలి అన్నది కూడా కులం నిర్ణయించిన దేశంలో అది చిన్న మాట కాదు.

మన ఊళ్ళల్లోనూ బట్ట కులాన్ని బట్టే చేతులు మారింది. ఏడాది పొడుగునా దొర ఇంట్లో, పెద్ద రైతు ఇంట్లో చాకిరీ చేసినవాళ్ళకు పండక్కి ఒక పాత చీరో, పాత పంచో ఇచ్చేవాళ్ళు. అది కూలిలో భాగమే అయినా, దయతో ఇచ్చినట్టు చెప్పుకునేవాళ్ళు. ఆ బట్ట వాడకు వచ్చి కొన్నేళ్ళు ఒంటిమీద ఉండేది. చిరిగితే మాసిక పడేది. మాసిక కూడా ఆగనప్పుడు బొంతలోకి వెళ్ళేది.

చలికి దుప్పటి కొనలేని బతుకును కళ అని పొగడటం మా ఉద్దేశం కాదు. కానీ ఏ బట్ట మెత్తన, ఏది రంగు దిగుతుంది, ఏ గుడ్డను ఏ గుడ్డ పక్కన కుడితే ముందుగా చిరుగుతుంది అన్న జ్ఞానం మన అమ్మల చేతుల్లో ఉంది. సిగ్గుపడి దాన్ని వదిలేస్తే నష్టపోయేది మనమే.

ఏం కావాలి, ఎంత ఖర్చు

కుట్టుమిషన్ అవసరం లేదు. మేము కొన్నవి ఇవి: సూదుల ప్యాకెట్టు 20 రూపాయలు, గట్టి నూలుదారం రీళ్ళు నాలుగు 100 రూపాయలు, పిన్నీసులు 30 రూపాయలు, వేలికి తొడుక్కునే టోపీ 10 రూపాయలు. మొత్తం 160 రూపాయలు. కత్తెర ఒక టైలర్ దగ్గర ఒక పూటకు అడిగి తెచ్చుకున్నాం. గీతలు గీయడానికి అరిగిపోయిన సబ్బు ముక్క చాలు.

సూది పొడుగ్గా, కన్ను పెద్దదిగా ఉండాలి. దబ్బనం వద్దు. అది గోనెసంచుల కోసం. పాత చీరలో గుచ్చితే రంధ్రం పడి, అక్కడి నుంచే చిరుగుతుంది. జాకెట్లు కుట్టే సన్నదారం ఒంటిపోగుగా ఆగదు. అదే ఉంటే రెండు పోగులు చేసి వాడండి.

బట్టల్లో నూలుదే మేలు. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీర, లుంగీ, పంచె, నూలు చొక్కా అన్నీ పనికొస్తాయి. పాలిస్టర్ చీర జారుతుంది, చెమట పీల్చదు. అడుగు పొరకు, లోపలి పొరలకు అది వద్దు. జీన్సు గట్టిగా ఉంటుంది. నాలుగైదు పొరల మీద దాన్ని గుచ్చడానికి వేళ్ళు నొప్పి పుడతాయి. గుడ్డను వెలుగుకు ఎత్తిపట్టి చూడండి. పోగులు విడిపోయి కనిపిస్తే దాన్ని పైకి వాడకండి, లోపలి పొరగా పెట్టండి.

ఇంట్లో పాత బట్టలు చాలకపోతే టైలర్లను అడగండి. కత్తిరించగా మిగిలిన ముక్కలు వాళ్ళు పారేసేవే. హాస్టల్ ఖాళీ చేసే నెలలో సీనియర్లు వదిలేసే బట్టలూ ఉంటాయి. ఎక్కడి నుంచి తెచ్చినా ముందు ఉతకాలి. ఎర్రవి, ముదురు నీలివి విడిగా ఉతికి, తెల్లగుడ్డ మీద తడిగా అద్ది చూడండి. రంగు అంటితే పక్కన పెట్టేయండి.

మొదట చిన్నది

నేరుగా ఆరడుగుల బొంత మొదలుపెట్టకండి. మేము ముందు కూర్చునే పీటంత ముక్క కుట్టాం, అడుగున్నర పొడుగు, అడుగున్నర వెడల్పు. అందులోనే తప్పులన్నీ చేశాం. దారం చాలా పొడుగ్గా తీసుకుని చిక్కుపడేసుకున్నాం. మీ చెయ్యి చాచినంత పొడుగు దారం చాలు. గట్టిగా లాగి గుడ్డను ముడతలు పడేలా చేశాం. దారం గుడ్డ మీద పడుకున్నట్టు ఉండాలి, దాన్ని బిగించకూడదు.

బొంతకు కావాల్సింది ఒకే కుట్టు. సూదిని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వరుసగా పోనిచ్చే మామూలు కుట్టు. బియ్యపు గింజంత కుట్టు, గింజంత ఖాళీ. మొదట్లో అంత చిన్నగా రాదు. చిన్నగా ఉండటం కంటే అన్నీ ఒకే కొలతలో ఉండటం ముఖ్యం.

పెద్ద బొంత: అడుగడుగునా

ఆరడుగుల పొడుగు, మూడున్నర అడుగుల వెడల్పు బొంతకు రెండు నూలుచీరలు, కొన్ని ముక్కలు చాలు. చీర దాదాపు 18 అడుగులు ఉంటుంది. ఒక చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల మూడు పొరలు వస్తాయి. వెడల్పులో మూడున్నర అడుగులకు మించింది కత్తిరించేయండి. అవి లోపలి పొరలు. రెండో చీర నుంచి అడుగు గుడ్డ తియ్యండి. అది లోపలి పొరల కంటే నాలుగు పక్కలా ఒకటిన్నర అంగుళం ఎక్కువ ఉండాలి. మిగిలిన చీర పైముక్కలకు పనికొస్తుంది.

పైభాగానికి 7 అంగుళాల చదరపు ముక్కలు కత్తిరించండి. అట్ట మీద ఒక చదరం కోసుకుని, దాన్ని పెట్టి సబ్బుతో గీస్తే అన్నీ ఒకేలా వస్తాయి. కుట్టులోకి ప్రతి పక్కా అర అంగుళం పోగా 6 అంగుళాలు మిగులుతుంది. అడ్డంగా 7, నిలువుగా 12, మొత్తం 84 ముక్కలు. కుట్టేముందు నేలమీద పరిచి చూసుకోండి. ఒకే రంగు ఒకచోట పోగుపడకుండా ఇటూ అటూ మార్చండి. మేమయితే ఈ పనిమీదే ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం.

ముక్కలను ఏడేసి చొప్పున అతికి వరసలు చెయ్యండి. తర్వాత వరసకు వరస అతకండి. అతుకు వెనకవైపు మిగిలిన అంచును ఒకపక్కకు మడిచి చేత్తో గట్టిగా నొక్కండి, ఇస్త్రీపెట్టె ఉంటే మరీ మంచిది.

ఇప్పుడు అడుగు గుడ్డను నేలమీద బిగువుగా పరిచి, దానిమీద లోపలి పొరలు, వాటిమీద అతుకుల గుడ్డ పరవండి. నడుమ నుంచి అంచులకు చేత్తో దువ్వుతూ ముడతలు తీసి, జానెడు జానెడు దూరంలో పిన్నీసులు పెట్టండి. ఈ పని సరిగ్గా చెయ్యకపోతే లోపలి చీర ఉండ చుట్టుకుపోతుంది. మా అమ్మలు పిన్నీసులు లేకుండా పొడుగాటి టాకాలు వేసి, చివర్లో ఆ దారం లాగేసేవాళ్ళు.

కుట్టు నడిమధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ వెళ్ళండి. ఒక్కో వరసకు మధ్య ఒకటిన్నర అంగుళం దూరం. మూడున్నర అడుగుల వెడల్పుకు 28 నిలువు వరసలు అవుతాయి. చివరికి అడుగు గుడ్డ అంచును రెండు మడతలుగా పైకి తిప్పి, అతుకుల గుడ్డ అంచు కప్పేలా చుట్టూ కుట్టెయ్యాలి. ఉతికినప్పుడు బొంత బాగా బరువెక్కుతుంది. ఇద్దరు పట్టి పిండి, ఎండలో పరిచి ఆరబెట్టాలి.

ఇదొక్కటే పద్ధతి కాదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే బొంతను కవంది అంటారు. ఆఫ్రికా నుంచి ఈ నేలకు తీసుకురాబడినవాళ్ళ వారసులు వాళ్ళు. ముక్కలను ముందే అతికిపెట్టుకోకుండా, ఒక మూల నుంచి అంచు వెంబడి ముక్క పెడుతూ, అడుగు గుడ్డతో కలిపి కుడుతూ, చుట్లు చుట్లుగా నడిమికి వస్తారు. నాలుగు మూలల్లో ‘ఫూల’ అనే మడత ముక్కలు కుడితేనే వాళ్ళకు కవంది పూర్తయినట్టు. కొలతలు వేసి చదరాలు కోసే ఓపిక లేనివాళ్ళు ఈ దారిలో మొదలుపెట్టొచ్చు.

160 రూపాయలేనా?

బొంత పూర్తయ్యాక ‘160 రూపాయల్లో అయిపోయింది’ అని అందరికీ గొప్పగా చెప్పాం. నేర్పిన అమ్మల్లో ఒకావిడ ఫోన్లో విని, ‘మరి మీ కూలో?’ అని అడిగింది.

లెక్క వేశాం. ఉతకడం, కత్తిరించడం 3 గంటలు. ముక్కలు అతకడం 10 గంటలు. నిలువు వరసలు ఒక్కోదానికి పాతిక నిమిషాల చొప్పున దాదాపు 12 గంటలు. పిన్నీసులు పెట్టడం, అంచు కుట్టడం 3 గంటలు. మొత్తం 28 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు మూడున్నర. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన కూలి 1,050 రూపాయలు. సామానుతో కలిపి బొంత ఖరీదు 1,210. పాత చీరల విలువ ఇందులో కలపనే లేదు. బొంత చవక అంటున్నామంటే, కుట్టినవాళ్ళకు ఎవరూ ఏమీ ఇవ్వలేదనే అర్థం. పగలంతా పొలంలో కూలి చేసి, రాత్రి దీపం ముందు మన అమ్మలు కుట్టిన గంటలు ఏ లెక్కలోనూ లేవు.

ఈ లెక్క ఎంత దూరం పోతుందో అమెరికాలో ఒక ఊరి కథ చెబుతుంది. అలబామా రాష్ట్రంలో నది మలుపులో జీస్ బెండ్ అనే నల్లజాతి ఊరు ఉంది. అక్కడివాళ్ళు పత్తి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ వారసులు. స్త్రీలు అరిగిపోయిన పొలం బట్టలతో బొంతలు కుట్టేవాళ్ళు. మిజూరీ పెట్వే అనే ఆమె 1942లో, చనిపోయిన భర్త పనిబట్టలతో బొంత కుట్టి, ఆయన గుర్తుగా దాన్నే కప్పుకుంది. 1962లో ఆ ఊరివాళ్ళు ఓటు హక్కు కోసం నమోదుకు ప్రయత్నిస్తే, నది దాటించే పడవను ఆపేశారు. అది మళ్ళీ నడిచింది 2006లో. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకుని, తమ కుట్టును తామే అమ్ముకున్నారు. ఆ ఊరి బొంతలు 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియంల గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్ళల మీదికి వచ్చాయి. ఆ మరుసటి ఏడాది, 2007లో, తమకు రావాల్సింది రాలేదంటూ కుట్టిన స్త్రీలలో కొందరు కోర్టుకెక్కారు. 2008లో ఆ కేసులు రాజీతో ముగిశాయి.

మన బొంతలకూ ఆ రోజు రావచ్చు. పట్నంలో పెద్ద దుకాణాలు పాతగుడ్డల కుట్టును ఇప్పటికే ఖరీదుగా అమ్ముతున్నాయి. అప్పుడు కుట్టినవాళ్ళ పేరు, కూలి ఎక్కడుండాలో ముందే అనుకోవడం మంచిది. అందుకే మేము రెండు పనులు పెట్టుకున్నాం. ప్రతి బొంతకూ ఒక కాగితం రాస్తున్నాం. ఏ ముక్క ఎవరి బట్టలోది, ఎవరు ఎన్ని గంటలు కుట్టారు, ఎవరు నేర్పారు. రెండోది, బొంత మూలలో ఎర్రదారంతో కుట్టినవాళ్ళ పేర్లు. మా మొదటి బొంత మూలలో మా ఆరుగురి పేర్ల పక్కన, నేర్పిన నలుగురు అమ్మల పేర్లు కూడా ఉన్నాయి. వాళ్ళలో ఇద్దరికి చదువు రాదు. తమ పేరు గుడ్డమీద ఎలా ఉందో ఫొటోలో వేలితో తడిమి చూసుకున్నారట.

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళేవాళ్ళు ఒక సాయంత్రం ఇంట్లో ఉన్న బొంతను ఎండలో పరిచి, ఏ ముక్క ఎవరిదో అడిగి రాసుకోండి. పక్కన ఒక పాతచీర, సూదీ దారం పెట్టుకుని కూర్చోండి. ఆ ఒక్క సాయంత్రంలోనే మీకు మొదటి కుట్టు కూడా వచ్చేస్తుంది.