‘టాంకు’ అను ఆంగ్లపదము – తెలుగున దాని పర్యాయములు

ఆంగ్లమున ‘టాంకు’ అను మాట మిక్కిలి చిన్నది. పండితులకును పామరులకును పరిచితమైనది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని తెలుగు బాలుడు ఇంటిమీది నీటి తొట్టిని టాంకు అనును. మోటారు బండిలో చమురు పోయు చోటును టాంకు అనును. ఊరిముందరి చెఱువునకును ఆంగ్లపాఠమున నదియే పేరని నేర్చుకొనును. ఈ పదమునకు తెలుగు చెప్పుమనినచో చెఱువు, కుంట, కొలను, కోనేరు, తటాకము, తొట్టి అని వరుసగా వ్రాయుదురు. ఒక వరుసలో వ్రాసినంత మాత్రమున నవి యన్నియు సమానార్థకము లగునా? కావని చూపుటయు, ఆ భేదములు మఱచినచో కలుగు నష్ట మెట్టిదో వివరించుటయు ఈ వ్యాసమున కుద్దేశము.

పదచరిత్ర

‘టాంకు’ ఆంగ్లమునకు సహజమైన మాట కాదు. పశ్చిమభారతమున గుజరాతీ, మరాఠీ భాషలలో నేలలో కట్టిన నీటి తొట్టికి ‘టాంకు’, ‘టాంకే’ వంటి పేర్లు కలవు. పోర్చుగీసు భాషలో ‘టాంకె’ అను మాట కలదు. ఇది నిలిచిన నీటిని దెలుపు లాటిన్ పదమునకు సంబంధించినదని చెప్పుదురు. ఆంగ్లేయులు దీనిని మనదేశపు భాషలనుండియే గ్రహించిరో, పోర్చుగీసువారి నుండి గ్రహించిరో, లేక రెండును కలిసినవో ఏకాభిప్రాయము లేదు. 1886లో యూల్, బర్నెల్ అను పండితులు ప్రకటించిన ‘హాబ్సన్–జాబ్సన్’ నిఘంటువున ఈ విషయము చర్చింపబడినది. ఎట్లైనను మనదేశమున నివసించిన ఆంగ్లేయుల వాడుకలో ఈ మాట పంటచెఱువునకు పేరై స్థిరపడినది.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున దీనికి వేరొక అర్థము కలిగెను. 1915లో బ్రిటనువారు రహస్యముగ నిర్మించుచున్న యుద్ధశకటము సంగతి శత్రువులకు తెలియకుండుటకై దానిని నీటి తొట్టిగా పేర్కొనిరి. 1916 సెప్టెంబరు 15న సొమ్ యుద్ధరంగమున ఆ శకటములు ప్రథమముగా ప్రవేశించెను. మఱుగుపేరే అసలు పేరై నిలిచెను. ఇట్లు నీరు నిలుచు చోటును, నిప్పులు గ్రక్కు యంత్రమును ఒకే మాటలో నిమిడినవి.

తెలుగున అర్థభేదములు

ఇక తెలుగుమాటలను పరిశీలింతము. చెఱువనగా వాననీటిని పల్లపువైపున కట్ట వేసి నిలిపి, తూముద్వారా పొలములకు పారించునది. కుంట అట్టిదే గాని చిన్నది. పశువుల దాహమునకును కొద్దిపాటి మళ్లకును చాలును, వేసవి రాకమునుపే యెండును. గుంట యనగా గొయ్యి; దానికి కట్ట యుండనక్కరలేదు. మడుగు ఏటిలో లోతైన తావున తనంత నిలిచిన నీరు. అది ఒకరు త్రవ్వించినది గాదు. కొలను అనగానే తామరలు, కలువలు, హంసలు స్మృతికి వచ్చును. అది కావ్యములందు విశేషముగా విహరించు పదము. కోనేరు దేవాలయమునకు చెందినది. నలువైపుల మెట్లు కలిగి స్నానమునకును తెప్పోత్సవమునకును ఉపయోగపడును. తొట్టి యనగా రాతితోనో లోహముతోనో చేసిన పాత్రవిశేషము మాత్రమే.

సంస్కృతమునందును ఇట్టి వివేచన కలదు. అమరసింహుడు తటాకమును, కాసారమును, సరస్సును ఒక్కచోట చేర్చినను, లోతైన నీటిని హ్రదమనియు, చిన్న సరస్సును పల్వలమనియు వేఱుగా చెప్పెను. కావున పర్యాయపద మనగా ఒకదానికి మాఱుగా మఱియొకటి ఎల్లయెడల వాడదగిన మాట యని భావించుట పొరపాటు. ‘కొలను క్రింద నూఱెకరముల ఆయకట్టు కలదు’ అనియు, ‘తొట్టికి గండి పడెను’ అనియు వ్రాసినచో వ్యాకరణమున దోషము లేదు. అర్థమున మాత్రము పొసగదు.

కృష్ణగిరి ఆనకట్టను గూడ చెఱువనరాదు. 1950వ దశకమున నిర్మింపబడిన ఆ ఆనకట్ట దక్షిణపినాకినీ నది నడ్డగించునది. దాని వెనుక నిలిచిన నీటికి ఆంగ్లమున ‘రిజర్వాయరు’ అనియు, మనకు జలాశయమనియు పేరు. ‘అనికట్’ అను ఆంగ్లరూపమైతే తమిళపు ‘అణైక్కట్టు’ నుండి పోయినదే. మన ‘ఆనకట్ట’ దాని తోబుట్టువు.

మూడు భాషల కూడలి

హోసూరు సీమలో తెలుగు, కన్నడము, తమిళము పక్కపక్కనే వినబడును. అందుచేత నిక్కడి విద్యార్థికి అన్యత్ర దొరకని సౌకర్యమొకటి కలదు. ఒక అపాయమును కలదు. సౌకర్య మెట్టిదనగా: తెలుగు చెఱువును, కన్నడ ‘కెరె’యు ఒకే మూలమునకు చెందినవి. కన్నడమున కకారమున్న కొన్ని చోట్ల తెలుగు, తమిళములందు చకారము వచ్చును. కన్నడ ‘కివి’ మనకు చెవి యైనట్లే ‘కెరె’ చెఱువైనది. తమిళమున ‘చిఱై’ యనగా బంధనము, అణ అను అర్థములు కలవు. మన ‘చెఱ’యు ఈ కుటుంబములోనిదే యని భాషాశాస్త్రజ్ఞు లందురు. అనగా చెఱువు నీటిని చెఱపట్టినది. ఈ ఒక్క పోలిక చెప్పినచో బాలునకు బండిఱకారము ఎందులకో బోధపడును. చెఱువు నిర్మాణరహస్యమును బోధపడును. ఇట్లే మన తూము కన్నడమున ‘తూబు’, తమిళమున ‘తూంబు’; మన కొలను కన్నడమున ‘కొళ’, తమిళమున ‘కుళం’.

అపాయము ‘ఏరి’ అను మాటలో నున్నది. తమిళమున ఏరి యనగా చెఱువు. హోసూరు పట్టణమున రామనాయకన్ ఏరి సుప్రసిద్ధము. కన్నడమున ఏరి యనగా చెఱువుకట్ట. తెలుగున ‘ఏరి’ యనగా ఎవరు, ఎక్కడ అను ప్రశ్న; ‘ఏరు’ నదికి పేరు. ఒకే ధ్వని ఒకచోట నీటిని, ఒకచోట ఆ నీటి నాపు మట్టిని, ఒకచోట ప్రశ్నను దెలుపుచున్నది. ఈ మూటిని తప్పించుకొనుటకై ‘టాంకు’ అనుట సులభోపాయముగా తోచవచ్చును గాని, దానివలన మూడు భాషల వివేకమును నశించును.

మాటతో పోవునది

చెఱువను మాట ఒంటరిగా నుండదు. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు అను పరివారము దాని వెంట నడచును. తూము కావలసిన నీటిని పొలమునకు విడుచును. అలుగు మిగిలిన నీటిని వెడలించును. పై చెఱువు అలుగు పారినచో ఆ నీరు క్రింది చెఱువునకు చేరును. అలుగు మూసుకొనిపోయినచో నీరు కట్టను పొర్లును, గండి పడును. ఈ నీటిని పంచుటకు కోలారు, చిత్తూరు సీమలలో నీరుగంటి, తెలంగాణమున నీరటి యను గ్రామసేవకు డుండెను. టాంకు అను మాటకు ఈ పరివారము లేదు. అలుగు అను మాట నెరుగనివానికి ఆ స్థలము వట్టి బీడుగానే కనబడును. అచ్చట ఇల్లు కట్టుకొనుటకు వానికి సంకోచమేల కలుగును? 1970వ దశకమునుండి పరిశ్రమలతో పెరుగుచు వచ్చిన హోసూరు వంటి పట్టణమున ఇది నిఘంటుకారుల వివాదము మాత్రమే కాదు.

పూర్వులు ఈ విషయమున నెంత శ్రద్ధ వహించిరో కడప సీమలోని పోరుమామిళ్ల శాసనము చాటుచున్నది. శాలివాహనశకము 1291, అనగా క్రీ.శ. 1369లో, విజయనగరాధీశుడు బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించిన చెఱువునకు సంబంధించిన సంస్కృతశాసన మది. అందు చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును పేర్కొనబడినవి. కట్టనుండి నీరు కారుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మొదలగునవి ఆ దోషములు. చెఱువు త్రవ్వించుటను సప్తసంతానములలో నొకటిగా నెంచిన జాతికి ఇట్టి సూక్ష్మదృష్టి సహజమే.

బోధనక్రమము

తమిళనాట 2006వ సంవత్సరపు చట్టముచే తమిళాధ్యయనము క్రమముగా అనివార్యమైన పిమ్మట, అల్పసంఖ్యాక భాషాపాఠశాలలలో మాతృభాషకు లభించు గడియలు అమూల్యములు. ఆ కొద్దికాలమున పర్యాయపదముల పట్టికలు వల్లెవేయించుటకంటె మూడు ప్రశ్నలు వేయుట మేలు: ఈ నీటిని నిలిపినది ప్రకృతియా, మనుష్యుడా? దాని నాపునది కట్టయా, గోతిగట్టా, గోడయా? అది పొలమునకా, పశువులకా, దేవునికా, ఇంటికా? ఈ మూటికి సమాధానము చెప్పగలిగిన బాలుడు ‘టాంకు’ ఎదురైన ప్రతిచోటను తగిన తెలుగుమాటను తానే యెన్నుకొనును. ఇంటిమీది దానిని టాంకు అనినను భాషకు లోటు లేదు. అది ఆ వస్తువుతో వచ్చిన పేరు. ఊరి చెఱువును మాత్రము చెఱువనియే పిలువవలెను. దాని అలుగును అలుగనియే గుర్తింపవలెను.