మీకు తెలుసా? రోడ్డుకు అడ్డంగా ఉన్న కర్ర వెనక ఎంత బరువుందో!

మైదానం ముగిసి మన్యం మొదలయ్యే చోట ఉంది గొలుగొండ. నర్సీపట్నం దాటి కృష్ణదేవిపేట, కొయ్యూరు వైపు వెళ్లినా, లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వెళ్లినా, ఏదో ఒక చెక్‌పోస్టు దగ్గర బండి ఆపాల్సిందే. కలపకూ అటవీ ఉత్పత్తులకూ పర్మిట్ ఉందో లేదో అటవీ శాఖ చూస్తుంది. గంజాయి కోసం పోలీసులు చూస్తారు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, దాని కింద 1970లో వచ్చిన అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు అటవీ తనిఖీకి ఆధారం. చట్టం సంగతి చాలామందికి తెలుసు. బండిని ఆపే ఆ గేటు కర్ర గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. దాని గురించి తెలుసుకోవలసినవి చాలానే ఉన్నాయి.

కర్ర 20 కిలోలు, దిమ్మ 80 కిలోలు

ఐదు మీటర్ల ఇనుప పైపు, బరువు 20 కిలోలు అనుకోండి. దాన్ని ఒక చివర నుంచి అర మీటరు దగ్గర ఇరుసు మీద నిలబెట్టారు. నాలుగున్నర మీటర్లు రోడ్డు మీద, అర మీటరు ఇవతల. పైపు బరువంతా దాని నడిమధ్యన, అంటే ఇరుసుకు రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. దానికి తూకం కుదరాలంటే ఇవతలి కొసకు ఎంత బరువు కట్టాలి? అక్షరాలా 80 కిలోలు. ఆ బరువే దిమ్మ. ఇది ఏతం సూత్రమే. మన రైతులు బావి నుంచి నీళ్లు తోడినప్పుడు ఏతం మాను వెనక రాళ్లు కట్టింది ఇందుకే.

పాత చెక్‌పోస్టుల దగ్గర ఈ బరువు ఒక్కోచోట ఒక్కో రకంగా కనిపిస్తుంది. కాంక్రీటు పోసిన డబ్బా ఒకచోట, తీగతో కట్టిన బండరాయి ఒకచోట, ఇసుక బస్తా మరోచోట. అన్నిటిలోకీ నమ్మరానిది ఇసుక బస్తానే. వానకు తడిస్తే బరువు పెరుగుతుంది, ఎండకు చిరిగితే ఇసుక రాలిపోతుంది. నిన్న తేలిగ్గా లేచిన కర్ర ఇవాళ మొరాయిస్తుంది, లేదా చెయ్యి వదలగానే మీదకొస్తుంది. తీగతో కట్టిన బండరాయి కూడా అంతే, తీగ తుప్పు పట్టేదాకానే దాని భరోసా. కర్రకు బోల్టులతో బిగించిన ఇనుప పలకలు గానీ, పెట్టెలో పోసిన కాంక్రీటు గానీ సరైన పద్ధతి. ఖర్చులో పెద్ద తేడా ఉండదు.

ఇక ఆ బరువు ఒక్కసారిగా ఊడిపోతే? నిలువుగా ఉన్న నాలుగున్నర మీటర్ల కర్ర అలాగే కూలితే, దాని కొస నేలను తాకేసరికి వేగం గంటకు దాదాపు 40 కిలోమీటర్లు. కర్ర తేలికదైనా బరువైనా ఈ వేగం ఇంచుమించు ఇంతే, ఎందుకంటే అది పొడవును బట్టి వస్తుంది. కింద ఉన్నది లారీ అయితే అద్దం పగులుతుంది. మనిషి అయితే చెప్పనక్కర్లేదు.

అందుకే చేతితో ఎత్తే గేటుకు దిమ్మ వైపే కాస్త బరువు ఎక్కువ ఉంచి, కర్ర రెండో కొసను రోడ్డు అవతలి పంగలో కొక్కెంతో బంధించడం మంచిది. కొక్కెం జారినా, కర్రను కిందకు లాగే తాడు తెగినా కర్ర పైకే పోతుంది, ఎవరి నెత్తినా పడదు. అప్పుడు దిగేది దిమ్మ. దాని కింద గేటు కాపలాదారు కాలు ఉండకుండా చుట్టూ నాలుగు ఇనుప పైపులతో చిన్న కంచె కట్టాలి. చాలా గేట్ల దగ్గర లేనిది ఈ కంచే.

80 మీటర్ల ముందే కనపడాలి

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి ఎంత దూరం కావాలో తెలుసా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం 80 మీటర్లు. అందులో సగం పైగా, డ్రైవరు గేటును చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే అయిపోతుంది. 40 కిలోమీటర్ల వేగమైతే 45 మీటర్లు చాలు. ఇవి సమతలం మీది లెక్కలు. ఘాట్ దిగుతూ బ్రేకులు వేడెక్కిన లోడు లారీకి, చలికాలం తెల్లవారుజామున లంబసింగి మంచులో వచ్చే బైకుకు ఈ దూరాలు చాలవు.

కాబట్టి గేటును మలుపు తిరగగానే పెట్టకూడదు, దిగుడు మధ్యలో అసలే పెట్టకూడదు. ముందే బోర్డు ఉండాలి, కర్రకు రాత్రిపూట మెరిసే ఎరుపు తెలుపు పట్టీలు ఉండాలి, మధ్యలో ఎర్ర దీపం ఉండాలి. సున్నం పూసిన సరుగుడు బాదు పగలు బాగానే కనిపిస్తుంది, రాత్రి హెడ్‌లైటు వెలుగులో అంత బాగా కనిపించదు.

గేటు లేనిచోట తాడు గానీ గొలుసు గానీ కట్టడం కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. జాతరలకు చందాల కోసం కడతారు, పంచాయతీ రోడ్డు మీదకు లారీలు రాకుండా కడతారు. దయచేసి కట్టకండి. సన్నని తాడు చీకట్లో కంటికి ఆనదు, అది బైకు మీద వచ్చేవాడి మెడ ఎత్తులో ఉంటుంది.

ఈ మన్యంలో గేటు అంటే...

1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద, కట్టెల మీద, పశువుల మేత మీద ఆంక్షలు పెట్టింది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనులతో సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదలడానికి ఈ రెండూ ముఖ్య కారణాలే. 1922 ఆగస్టు 23న ఆయన దళం కృష్ణదేవిపేట పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో, అంటే ఈ గొలుగొండ మండలంలోనే ఉంది.

ఈ చరిత్ర ఇక్కడ ఎందుకంటే, అడవికి అడ్డు పెట్టినా రోడ్డుకు అడ్డు పెట్టినా ఆ బరువు పడేది ఇక్కడి జనం మీదే. ఈ దారుల్లో నడిచేవాళ్లు నేటికీ ఎక్కువ. సంతకు నెత్తిన గంపతో వచ్చేవాళ్లు, మేకలు తోలుకుపోయేవాళ్లు, బడికి నడిచే పిల్లలు. రోడ్డు మొత్తాన్ని కర్రతో మూసేస్తే వాళ్లంతా దాని కింద నుంచి వంగి దూరాల్సిందే. సరిగ్గా అప్పుడే ఒక జీపు వచ్చి హారన్ కొడితే కాపలాదారు కర్ర లేపుతాడు, జీపు వెళ్లగానే దించుతాడు. దెబ్బలు తగిలేది ఆ దించేటప్పుడే. గేటు మోటార్లకు సంబంధించిన అమెరికా ప్రమాణం యూఎల్ 325 ఒక మాట స్పష్టంగా చెబుతుంది: వాహనాల గేటు వాహనాలకే, నడిచేవారికి వేరే దారి ఉండి తీరాలి. మన దగ్గర దానికి కావలసింది గేటు పక్కన ఒకటిన్నర మీటరు కాలిబాట, గేటుకూ దానికీ మధ్య రెండు రాటలు. బళ్లు దూరకుండా ఆ రాటలే ఆపుతాయి.

మోటారు గేటు లోపలి స్ప్రింగు

ఇప్పుడు చాలా కాలేజీలు, ఫ్యాక్టరీలు, టోల్ ప్లాజాలు మోటారు గేట్లకు మారాయి. గొలుగొండ ఉన్న జిల్లాలోనే జాతీయ రహదారి మీద వేంపాడు టోల్ ప్లాజా దాటిన ప్రతివాళ్లూ వాటిని చూసినవాళ్లే. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఈ గేట్లకు పని మరీ పెరిగింది.

వీటికి బయట దిమ్మ ఉండదు. ఆ పని పెట్టెలోని స్ప్రింగు చేస్తుంది. చాలా మోడళ్లలో కర్ర కిందకు దిగి ఉన్నప్పుడు స్ప్రింగు బిగుసుకుని ఉంటుంది, కర్ర నిలువుగా లేచినప్పుడు వదులవుతుంది. కర్ర విరిగిందనో రంగు వేయాలనో, దించి ఉన్నప్పుడే బోల్టులు విప్పితే ఏమవుతుంది? బరువు పోయిన మరుక్షణం స్ప్రింగు ఆ బిగింపు ముక్కను విసురుగా పైకి తిప్పుతుంది. వేళ్లు, ముంజేయి, ముఖం, ఏది అడ్డుంటే అది. విప్పడమైనా బిగించడమైనా కర్ర నిలువుగా ఉన్నప్పుడే చేయాలి. అదీ కరెంటు ఎంసీబీ దించి, దానికి తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడి జేబులో పెట్టుకున్నాకే.

కర్రకు ప్రకటన బోర్డు తగిలించినా, ఎల్‌ఈడీ పట్టీ అతికించినా, పొడవు తగ్గించినా తూకం మారిపోతుంది. దాన్ని పరీక్షించడం తేలిక. తాళంచెవితో మోటారును గేటు నుంచి విడదీసి, కర్రను సగం ఎత్తులో, 45 డిగ్రీల దగ్గర వదలండి. అక్కడే నిలిస్తే తూకం సరిగ్గా ఉన్నట్టు. పైకి పోయినా కిందకు జారినా స్ప్రింగు సరిచేయించాలి. మోటారు మొరాయిస్తోందని దాని శక్తి పెంచేసే మెకానిక్కులు ఉన్నారు. అది జబ్బును దాచడం, పైగా మనిషికి తగిలినప్పుడు గేటు ఆగకుండా చేయడం.

కారు కింద ఉన్నప్పుడు కర్ర దిగకుండా చూసేది రోడ్డులో పాతిన తీగ. తారులో సన్నని గాడి కోసి, అందులో రాగి తీగను మూడు నాలుగు చుట్లు వేసి, పైన మూసేస్తారు. పైకి లోహపు బండి రాగానే ఆ తీగ విద్యుత్ గుణం మారుతుంది, గేటుకు కబురు అందుతుంది. అయితే దానికి తెలిసేది లోహమే. బైకును ఒక్కోసారి గుర్తించదు, మనిషినీ మేకనూ ఎప్పటికీ గుర్తించదు. అందుకే తీగతో పాటు మోకాలి ఎత్తున కాంతి సెన్సరు కూడా ఉండాలి. ఒకటుంటే చాలని డబ్బు మిగుల్చుకునే చోటే ప్రమాదం జరుగుతుంది.

వైర్లు పైపుల్లోనే పోవాలి, ఆ పైపులు కాంక్రీటు పోయకముందే వేయాలి. పెట్టె అడుగు నేల మట్టం కంటే పైకి ఉండాలి. ఎర్తింగ్ తప్పదు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పదు. వాన, ఇనుప పెట్టె, 230 వోల్టులు ఒకచోట చేరాయని మరిచిపోకూడదు. పెట్టెలోకి వైర్లు వచ్చే రంధ్రాలు మూయకపోతే చీమలు, బల్లులు చేరి సర్క్యూట్‌ను పాడుచేస్తాయి.

రైలు గేటు నేర్పిన పాఠం

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని లెవెల్ క్రాసింగ్‌లో స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నిటినీ రైల్వే 2019 జనవరి నాటికి తీసేసింది. కాపలా ఉంటే సరిపోతుందా? 2025 జులై 8న తమిళనాడులో కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో స్కూలు వ్యానును రైలు ఢీకొంది. అక్కడ గేట్‌మన్ ఉన్నాడు. కానీ ఆ గేటు సిగ్నల్‌తో ముడిపడి లేదు. ముడిపడిన గేటు అయితే, పూర్తిగా మూసి తాళం పడేదాకా రైలుకు సిగ్నల్ రాదు. మనిషి మరిచినా యంత్రం మరవదు.

మూసిన రైలు గేటును పగలగొట్టడం 1989 రైల్వే చట్టం సెక్షన్ 160 ప్రకారం ఐదేళ్ల దాకా జైలు పడే నేరమని కూడా చాలామందికి తెలియదు.

వారానికి పావుగంట

ఇరుసుకు గ్రీజు, బోల్టులకు స్పానరు, దిమ్మకూ కొక్కేనికీ కన్ను, రాట మొదలుకు ఒక తన్ను. చేతి గేటుకు కావలసింది ఇంతే. చెక్క రాట నేలలోకి దిగే చోటే కుళ్లుతుంది, పైన రంగు కొత్తగా మెరుస్తున్నా సరే. మోటారు గేటుకైతే ఇంకో రెండు పనులు. కాంతి సెన్సరుకు అట్టముక్క అడ్డుపెట్టి, దిగుతున్న కర్ర వెనక్కి తిరుగుతుందో లేదో చూడాలి. కరెంటు తీసేసి, చేతి తాళంచెవితో గేటు తెరుచుకుంటుందో లేదో చూడాలి. ఆ తాళంచెవి ఎక్కడుందో రాత్రి కాపలాదారుకు తెలిసి ఉండాలి. కరెంటు పోయిన వేళ ఘాట్ దిగి వస్తున్న 108 వాహనం, తాళంచెవి కోసం వెతుకుతుంటే అక్కడ నిలబడే వీలుండదు.

మీ ఊరి చెక్‌పోస్టు, మీ కాలేజీ, మీ క్వారీ, మీ కాలనీ, ఎక్కడి గేటైనా సరే, ఈసారి ఆగినప్పుడు కర్ర వైపు కాదు, వెనక దిమ్మ వైపు చూడండి. తీగ తుప్పు పట్టి ఉంటే, బస్తా చిరిగి ఉంటే, నడిచేవాళ్లకు పక్కన దారి లేకపోతే అక్కడి సిబ్బందికి ఆ మాట చెప్పి వెళ్లండి.