అడగ్గానే ఎందుకివ్వరు? కుక్కల దత్తతపై అపోహలు – వాస్తవాలు

వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు మీద దేశమంతా వాదించుకుంది. పట్టుకున్న కుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలన్న మాట చుట్టూనే ఆ వాదనంతా నడిచింది. అదే ఉత్తర్వులో దత్తత ప్రస్తావన కూడా ఉంది. ఇష్టమున్నవారు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు. అయితే ఆ కుక్క మళ్ళీ వీధిపాలు కాకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవారిదేనని కోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ నెలలోనే జీహెచ్‌ఎంసీ కూడా బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది.

హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ వంటి సంస్థలు, ఏ బోర్డూ లేకుండా సొంత ఇంటి వరండాలో కుక్కపిల్లలను సాకే మనుషులు ఈ దత్తత పని ఏళ్ళుగా చేస్తున్నారు. కుక్క కావాలన్న వారి ఇళ్ళకు వెళ్ళి మాట్లాడి వచ్చే పని నేనూ చేస్తుంటాను. ఆ ఇళ్ళలో తరచూ వినే మాటలకే ఇక్కడ జవాబు చెబుతున్నాను.

“వీధిలో పుట్టినదానికి ఇన్ని ప్రశ్నలా?”

అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఇదే. కోపంగా అడిగేవారూ ఉంటారు. సంస్థవాళ్ళు ముందు ఒక ఫారం ఇస్తారు. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే యజమాని ఒప్పుకున్నారా? పగలు ఇంట్లో ఎవరుంటారు? పండక్కి ఊరెళితే కుక్కను ఎవరు చూస్తారు? ఇంతకుముందు కుక్క ఉండేదా, ఉంటే ఏమైంది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మాకు చాలా తెలుస్తుంది. ఫారం నచ్చితే ఫోన్లో మాట్లాడతారు, ఆ తర్వాత ఇంటికి వస్తారు.

ఇంటికొచ్చి ఆస్తి లెక్కలు వేస్తారనుకోవడం పొరపాటు. మేం చూసేవి గేటు ఊచల మధ్య సందు, బాల్కనీ గ్రిల్, డాబా పిట్టగోడ ఎత్తు. రెండు గదుల ఇంటికి సంతోషంగా కుక్కను ఇచ్చాం. పెద్ద ఇంట్లో కారు షెడ్డు పక్కన గొలుసు ముందే బిగించి ఉంటే ఇవ్వకుండా వచ్చేశాం. ఇంట్లో అందరి మాటా వినడం ఇంకా ముఖ్యం. హాల్లో కూర్చుని మామగారు “మా కోడలికి కూడా ఇష్టమేనండీ” అంటారు. ఆ కోడలు మాత్రం వంటింట్లోంచి ఇవతలికి రాదు. కుక్కకు అన్నం కలిపేది, గచ్చు కడిగేది ఎవరో తేలేదాకా ఆ ఇంటికి ఇంకోసారి వెళ్ళాల్సిందే.

అంతా కుదిరితే ఆధార్ నకలు తీసుకుని ఒప్పందం రాసుకుంటారు. కుక్కను అమ్మకూడదు, పిల్లల కోసం ఈతలు వేయించకూడదు, వయసు రాగానే ఆపరేషన్ చేయించాలి, పెంచలేని పరిస్థితి వస్తే ఇంకెవరికీ ఇవ్వకుండా సంస్థకే తిరిగివ్వాలి. ఆ తర్వాత కొన్ని నెలలు ఫొటోలు, వీడియోలు అడుగుతారు, చెప్పి ఓసారి వచ్చి చూస్తారు.

ఇంత ఎందుకంటే, ఇంట్లో పెరిగిన కుక్క వీధిలో బతకలేదు. వీధిలో ప్రతి సందుకూ ఓ గుంపు ఉంటుంది, కొత్తదాన్ని రానివ్వదు. ఇంటి కుక్కకు లారీ తెలియదు, చెత్తకుండీ తెలియదు. దించేసిన చోటే నిలబడి వచ్చే పోయే ప్రతి కారునూ చూస్తుంటుంది. ఆకలికి, దాహానికి గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. కానీ మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. యాభై రూపాయలకు ఎవరూ భయపడరు. చట్టం ఆపలేనిదాన్ని ముందే ఆపడానికి సంస్థల చేతిలో ఉన్నవి ఈ ప్రశ్నలే.

“డబ్బు తీసుకుంటే దత్తతేమిటి, అమ్మకమే!”

చాలా సంస్థలు ఏమీ తీసుకోవు. కొన్ని టీకాలకూ ఆపరేషన్‌కూ అయిన ఖర్చులో కొంత అడుగుతాయి. అడిగితే ఆ డబ్బు దేనికో చెబుతాయి, టీకాల కార్డు చేతికిస్తాయి. అమ్మేవాళ్ళకు నిబంధనలు వేరే ఉన్నాయి. 2017లో వచ్చిన నియమాల ప్రకారం కుక్కల బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరేచోట. వాట్సాప్‌లో ముద్దొచ్చే జాతి కుక్కపిల్ల ఫొటో పెట్టి ‘ఫ్రీ అడాప్షన్, రవాణా ఖర్చు పంపితే చాలు’ అంటారు. ఆ డబ్బు పంపగానే బోను కోసమంటారు, ఇన్సూరెన్స్ కోసమంటారు. కుక్కపిల్ల ఎప్పటికీ రాదు. నిజమైన సంస్థ మీరు కుక్కను చూడకముందే, మీ ఇల్లు తను చూడకముందే డబ్బు అడగదు.

“ఏదో లోపం ఉంటేనే షెల్టర్‌కి వస్తుంది”

లోపం చాలాసార్లు మనుషుల పరిస్థితుల్లో ఉంటుంది. తల్లి బండి కింద పడితే పిల్లలు షెల్టర్‌కి వస్తాయి. మంచు దేశపు హస్కీని హైదరాబాద్ ఎండల్లోకి తెచ్చుకుని, కరెంటు బిల్లు చూశాక దించేస్తారు. తుంటి ఎముకల జబ్బు వచ్చిన లాబ్రడార్లు, ఈతల మీద ఈతలు వేయించి ఇక పనికిరావని బ్రీడర్లు వదిలేసిన ఆడకుక్కలు కూడా వస్తాయి.

ఇంకో కారణం మన తెలుగిళ్ళలో బాగా ఎక్కువ: వీసా వచ్చింది. కుక్కను అమెరికా తీసుకెళ్ళడం కుదరదని చాలామంది నమ్ముతారు. కుదురుతుంది. 2024 ఆగస్టు నుంచి అమలవుతున్న అక్కడి నిబంధనల ప్రకారం కుక్కకు 6 నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. భారత్‌ను రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల్లో చేర్చారు కాబట్టి ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకు అదనపు కాగితాలు, ముందస్తు ఏర్పాట్లు కావాలి. ఖర్చు ఉంది, నెలల ముందు నుంచీ తిరగాలి. విమానం ఎక్కే వారంలో షెల్టర్‌కి ఫోన్ చేసేకన్నా, వీసాకు దరఖాస్తు పెట్టిన రోజునే ఈ పని కూడా మొదలుపెట్టమని మా మనవి.

“నాటుకుక్క మాట వినదు, కరుస్తుంది”

2019లో ఉత్తరాఖండ్ పోలీసు జాగిలాల దళంలో ఠెంగా అనే వీధికుక్క చేరింది. జర్మన్ షెపర్డ్‌ల పక్కనే శిక్షణ పొందింది. నేర్పితే నేర్చుకుంటుందనడానికి అది చాలు. మన ఎండకు సరిపోయే పొట్టి బొచ్చు నాటుకుక్కది. ఒకే రకం రూపం కోసం తరతరాలుగా దగ్గరి రక్తంలో జత కట్టించిన జాతుల్లో కనిపించే వంశపారంపర్య జబ్బులు దీనిలో తక్కువ.

అయితే దీన్ని అంటగట్టడానికి పొగడ్తలు చెప్పడం నాకిష్టం లేదు. నాటుకుక్కకు చెవులు ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటాయి, కొత్తవాళ్ళను త్వరగా నమ్మదు, లిఫ్టు చప్పుడుకైనా మొరుగుతుంది. చిన్నప్పటి నుంచే మనుషులకూ చప్పుళ్ళకూ అలవాటు చేయాలి, రోజూ నడిపించాలి. అంత తీరిక లేని ఇంటికి ఇది తగదు. ఆ ఇంటికి లాబ్రడార్ కూడా తగదు.

రేబిస్ గురించి ఒక మాట తప్పక చెప్పాలి. వీధిలో పుట్టినంత మాత్రాన రేబిస్ ఉండదు. జబ్బున్న జంతువు కాటు వల్ల, చొంగ వల్ల సోకుతుంది, టీకా దాన్ని ఆపుతుంది. కానీ టీకా వేయని చిన్న కుక్కపిల్లకు కూడా రేబిస్ ఉండొచ్చు. ‘పాలపళ్ళ గాటే కదా’ అని వదిలేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. గాయాన్ని సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కుక్కకు టీకా దొరకడం కష్టమేమీ కాదు. ఏటా జులై 6న, ప్రపంచ జూనోసిస్ దినం నాడు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు.

“చిన్నపిల్లే కావాలి, అదీ మగపిల్ల”

కన్ను తెరవని పిల్లను ఇమ్మని అడిగేవారు కూడా ఉన్నారు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య 8 వారాలైనా ఉంటేనే ఎంత గట్టిగా కొరకవచ్చో, ఎక్కడ ఆగాలో నేర్చుకుంటుంది. అప్పటికి మొదటి టీకా కూడా పడి ఉంటుంది. ఆ టీకాలు మూడు నాలుగు వారాలకోటి చొప్పున 16 వారాలు నిండేదాకా సాగుతాయి. ఈలోగా పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకుందంటే రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అందుకే ‘ఈమధ్య మీ ఇంట్లో ఏదైనా కుక్కపిల్ల చనిపోయిందా’ అని అడుగుతాం, చాలామంది నొచ్చుకుంటారు. పార్వో వైరస్ గచ్చు మీద, మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌తో పోదు, బ్లీచింగ్ కావాలి. అలాంటి ఇంటికి టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను ఇవ్వగలం, చిన్నపిల్లను ఇవ్వలేం.

పెద్ద కుక్క మనకు అలవాటు కాదన్నది కూడా అపోహే. దాని స్వభావం ముందే తెలుస్తుంది. ఎంత పెరుగుతుందో, పిల్లలతో ఎలా ఉంటుందో, పిల్లిని తరుముతుందో లేదో షెల్టర్‌లో రోజూ చూసేవారు చెప్పగలరు. దత్తత పని చేసేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అంటుంటారు: భయం తగ్గడానికి, ఇంటి పద్ధతి తెలియడానికి, ఇది నా ఇల్లు అనుకోవడానికి. ఇదొక అంచనా మాత్రమే. మొదటి రోజుల్లో మంచం కింద దూరి తిండి ముట్టని కుక్కను ‘సరిపడలేదు’ అని వెనక్కి పంపేయడం తొందరపాటు.

ఇక ఆడపిల్ల మాట. ఒకే ఈతలో పుట్టిన పిల్లలను మేళాకు తీసుకెళితే సాయంత్రానికి బుట్టలో మిగిలేవి ఎక్కువగా ఆడవే. ‘మళ్ళీ పిల్లల్ని పెడుతుందండీ’ అంటారు. ఆపరేషన్ అయిపోతే ఈత ఉండదు, ఎదకు రావడమూ ఉండదు. ఆ ఆపరేషన్ వల్ల గర్భసంచిలో చీముపట్టే ప్రాణాంతకమైన జబ్బు రాదు, చిన్న వయసులో చేయిస్తే రొమ్ము కణుతుల ముప్పూ తగ్గుతుంది. కాపలాకైనా, ప్రేమకైనా ఆడకుక్క దేనిలోనూ తీసిపోదు. మనుషుల్లో ఇన్ని తరాలుగా చేసిన తప్పును కుక్కపిల్లల బుట్ట దగ్గర కూడా చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. అందుకే ఎవరైనా ‘ఏదైనా పర్లేదు’ అంటే ముందు ఆడపిల్లనే చూపిస్తాను.

“మేం శాకాహారులం, మాకివ్వరు”

ఇస్తారు. మాంసం వండని ఇళ్ళలో దుకాణంలో దొరికే తయారీ ఆహారం పెట్టొచ్చు, కొందరు గుడ్డు వరకూ ఒప్పుకుంటారు. వైద్యుడి సలహాతో సరైన పోషకాలు చూసుకుంటే శాకాహారంతోనూ పెంచవచ్చు. ఉత్త పెరుగన్నం మాత్రం సరిపోదు. ఉల్లిపాయ వేసిన సాంబారు, ఎండుద్రాక్ష వేసిన పాయసం పెట్టకూడదు. మొదటిది రక్తకణాలను దెబ్బతీస్తుంది, రెండోది మూత్రపిండాలను.

“అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరు”

అసోసియేషన్ తీర్మానం చేసినా పెంపుడు జంతువులను నిషేధించే అధికారం దానికి లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మరి అద్దెకుండేవారు యజమాని అనుమతి రాతలో తీసుకుంటే తర్వాత గొడవ ఉండదు. నగరంలో మున్సిపల్ లైసెన్సు తీసుకోవాలి. కుక్క చేసిన మలం ఎత్తడం, లిఫ్టులో పట్టీ వేసి ఉంచడం మన పని.

“ఒకసారి తీసుకున్నాక వెనక్కి తీసుకోరు”

ఈ అపోహ వల్లే రాత్రివేళ షెల్టర్ గేటుకు కట్టేసి వెళ్ళిపోతారు, లేదా ఊరవతల దించేస్తారు. దత్తత ఇచ్చిన సంస్థ వెనక్కి తీసుకుంటుంది, ఒప్పందంలో రాసుకున్నదే అది. ఉద్యోగం పోవచ్చు, ఇంట్లో పెద్దాయన మంచాన పడవచ్చు, ఉన్న పాత కుక్కతో కొత్తది ఎంతకీ పొసగకపోవచ్చు. వీటిలో దేనికీ మేం తప్పుపట్టం. ముందుగా ఫోన్ చేయమని మాత్రమే అడుగుతాం. షెల్టర్లు దాదాపు ఎప్పుడూ నిండే ఉంటాయి. కొన్ని రోజుల వ్యవధి ఉంటే ఎవరో ఒకరి ఇంట్లో తాత్కాలికంగా ఉంచే (ఫోస్టర్) ఏర్పాటు చూడవచ్చు, లేదా మిగతా కుక్కలకు జబ్బు అంటకుండా విడిగా ఉంచే బోను ఖాళీ చేయవచ్చు. టీకాల కార్డుతో పాటు మీరు కూడా రావాలి. దాని పేరేమిటో, ఏం తింటుందో, టపాసులకు భయపడుతుందో లేదో, ఏ మందు వాడుతున్నారో మాకు చెప్పగలిగింది మీరొక్కరే.