రెండు నదుల నడుమ ఉక్కు నగరము

క్రొత్త యింట పొయ్యి యెచ్చట నమర్చవలయునని యోచించునపుడు మనము మూడు సంగతులు చూతుము. బియ్యపుగాదె దూరము కారాదు. కట్టెలు చేరువ నుండవలయును. నీరు చేతి కందవలయును. గొప్ప కర్మాగారము నెలకొల్పువారికిని ఈ వంటింటి న్యాయమే దారి చూపును. ఇందుకు జంషెడ్‌పూరు నగరమే నిదర్శనము.

మన దేశమున ఉక్కు పరిశ్రమ స్థాపింపవలయునని చిరకాలము పాటుపడిన జంషెడ్జీ టాటాగారు, ఆ కోర్కె యీడేరకమునుపే 1904వ సంవత్సరమున దివంగతులైరి. ఆ యేడే భూగర్భశాస్త్రజ్ఞులగు ప్రమథనాథ బోసుగారు, మయూరభంజ సంస్థానములోని గురుమహిషాని కొండలలో మేలైన యినుపరాయి కలదని టాటావారికి లేఖ వ్రాసిరి. బొగ్గు ఝరియా గనులలో నుండెను. ఇనుము దక్షిణమున, బొగ్గు ఉత్తరమున. రెండును మిక్కిలి బరువైన సరకులే; కావున నడుమ నొకచోట కలియుట మేలు. అయినను కొలిమి యంత్రములను చల్లార్చుటకును, ఆవిరి పుట్టించుటకును వేసవిలో సైతము ఎడతెగని నీరు కావలయును గదా! సువర్ణరేఖా ఖర్కాయి నదులు కలియు తావున సాక్చి యను పల్లె కానవచ్చెను. కాలిమాటి రైలు స్టేషనును సమీపముననే యుండెను. 1907లో కంపెనీ యేర్పడెను. 1912లో తొలి యుక్కు వెలువడెను. 1919లో ఆ యూరికి జంషెడ్‌పూరని పేరిడిరి. పిమ్మట కాలిమాటి స్టేషను టాటానగరైనది.

నగరమునకు రూపు దిద్దినదియు నదులే. ఉత్తరమున సువర్ణరేఖ, దాని కావల దల్మా కొండలు, పడమట ఖర్కాయి. జనము పెరుగగా ఊరు నదులను దాటి, ఒక వైపున మాంగో, వేరొక వైపున ఆదిత్యపురము పేట లేర్పడెను. పొట్ట చేతబట్టుకొని శ్రీకాకుళము వైపునుండి రైలెక్కిన మన తెలుగు కుటుంబములును అచ్చట పెక్కు కాపురములు పెట్టినవి.

అయితే ఈ కలిమి వట్టినే రాలేదు. సంతాలులు, హోలు, భూమిజులు మొదలగు ఆదివాసుల పల్లెలును పొలములును నగరములో కలిసిపోయినవి. సువర్ణరేఖ యిసుకను కడిగి బంగారు రేణువు లేరుకొను పేద స్త్రీలు నేటికిని కలరు. ఆ నదిలోనికే పట్టణపు మురుగును, కర్మాగారముల మలినమును చేరుచున్నవి. వానకాలమున రెండు నదులును ఒక్కసారి పొంగినచో, పల్లపు వాడలలోని పేదల యిండ్లే మొదట మునుగును. పొయ్యి ఆరిన యింట బిడ్డల నెత్తుకొని మెరకకు పరుగిడు తల్లి కష్టము మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

త్రాగు నూతిలో కడుగునీరు పోయనీయము గదా మనము! నదిని నమ్ముకొని పెరిగిన నగరమునకును ఆ నియమమే యుండవలయును. బొగ్గును ఇనుమును మరియొక చోటినుండి తెచ్చుకొనవచ్చును. నదిని తెచ్చుకొనుట యెవరి తరము?